మళ్ళీ వెళ్ళు నాయనా

నాయనా, శనివారం వచ్చిందంటే నీ కాలు ఇంట్లో నిలవదు. నలుగురూ కలిసి కారెక్కడం, ఫోన్లో దగ్గర్లో ఏముందో వెతకడం, చుక్కలు ఎక్కువున్న హోటలు ముందు దిగడం, ప్లేటు రాగానే ఫొటో తీయడం, సగం తిని సగం వదిలేసి లేవడం, తిరిగొచ్చే దారిలోనే వచ్చేవారానికి ఇంకో పేరు రాసుకోవడం. సిన్సినాటి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు, అప్పుడే ఊళ్ళో హోటళ్ళన్నీ చూసేశానంటావు. చూశావు, కాదనను. తిన్నావా అని అడుగుతున్నాను.

కోప్పడుతున్నాననుకోకు. తిరగొద్దని నేను అననే అనను. మేసన్‌లోనో వెస్ట్ చెస్టర్‌లోనో అపార్టుమెంటు తీసుకుని, మన కిరాణా కొట్టుకీ బిర్యానీ హోటలుకీ మధ్య నాలుగేళ్ళు గడిపేసి, ఈ ఊరివాళ్ళు పొద్దున లేచి ఏం తింటారో కూడా తెలుసుకోకుండా డల్లాస్‌కి సామాను సర్దుకుపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్ళకంటే నువ్వు నయం. నీకు ఆసక్తి ఉంది. పదిమందిని వెంటేసుకుని వెళ్ళే మంచి బుద్ధీ ఉంది. లేనిదల్లా కాస్త నిదానం. అందుకే పిలిచి చెబుతున్నాను. కొత్త హోటలు సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు చూసినచోటికి మళ్ళీ వెళ్ళు.

ఈ ఊరి చిల్లీ సంగతే తీసుకుందాం. మొదటిసారి తినొచ్చి నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "స్పఘెట్టీ మీద దాల్చినచెక్క వాసనొచ్చే కూరేదో పోశారు, కారమూ లేదు పాడూ లేదు" అన్నావు. రెండు చుక్కలు పడేసి వచ్చావు కూడా. కొత్తల్లుణ్ణి మొదటి పండక్కే తూకం వేసినట్టుంది నీ వరస. ఆ చిల్లీలో మిరపకాయ కోసం వెతికితే ఎట్లా నాయనా? అది ఆ దారిన వచ్చిన వంట కాదు. 1922లో వైన్ స్ట్రీట్‌లో ఎంప్రెస్ అనే థియేటరు పక్కన టామ్ కిరాజిఫ్, జాన్ కిరాజిఫ్ అనే అన్నదమ్ములు ఒక చిన్న కొట్టు పెట్టుకున్నారు. మాసిడోనియా నుంచి వచ్చినవాళ్ళు. అమ్మేది హాట్ డాగులు. తమవైపు మాంసం కూరల్లో వేసుకునే దినుసులతో పల్చగా ఒక కూర వండి, హాట్ డాగు మీద పోశారు, స్పఘెట్టీ మీదా పోశారు. ఊరివాళ్ళకి నచ్చింది. తర్వాత 1929లో నది అవతల న్యూపోర్ట్‌లో డిక్సీ చిల్లీ వచ్చింది. 1949లో ప్రైస్ హిల్ గుట్ట మీద, గ్రీసు నుంచి వచ్చిన నికొలస్ లాంబ్రినిడీస్ తన కొడుకులతో కలిసి స్కైలైన్ పెట్టాడు. 1965లో జోర్డాన్ నుంచి వచ్చిన దావూద్ అన్నదమ్ములు గోల్డ్ స్టార్ మొదలుపెట్టారు. అందరూ పెట్టె పట్టుకుని పరాయి దేశం నుంచి దిగినవాళ్ళే, నువ్వు దిగినట్టే. ఊరంతా ఇది మా తిండి అని గర్వంగా చెప్పుకునేది వాళ్ళు వండిందే.

దాల్చినచెక్క, లవంగం, జీలకర్ర. మీ అమ్మ పోపులడబ్బాలోనూ మసాలా డబ్బాలోనూ ఉన్నవే కదా. మరి నీకెందుకు కొత్తగా ఉంది? నువ్వు ఒక రుచి మనసులో పెట్టుకుని వెళ్ళావు, అక్కడ ఇంకొకటి ఎదురైంది. మొదటిసారి ఎవరికైనా అంతే. నాలుక్కి కూడా కాస్త సమయం ఇవ్వాలి నాయనా. రెండోసారి వెళితే ఆశ్చర్యం తగ్గుతుంది. మూడోసారికి అసలు రుచి తెలుస్తుంది. అప్పుడు కూడా నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, నేనేమీ అనను.

వెళ్ళినప్పుడు పక్కవాళ్ళు ఎట్లా తింటున్నారో చూడు. కోలగా ఉండే ప్లేటులో కింద స్పఘెట్టీ, దాని మీద చిల్లీ, ఆ పైన సన్నగా తురిమిన చెడ్డార్ చీజు గుట్టగా పోసి తెస్తారు. దాన్ని త్రీ వే అంటారు. ఉల్లిపాయ ముక్కలో బీన్సో కలిపితే ఫోర్ వే, రెండూ వేస్తే ఫైవ్ వే. నువ్వు ఫోర్కుతో స్పఘెట్టీని గిరగిరా చుట్టి లాగావు, చీజంతా బల్ల మీద పడింది. ఇక్కడివాళ్ళు చుట్టరు. ఫోర్కు అంచుతో పక్కనుంచి కోసి, పై నుంచి కిందిదాకా అన్ని పొరలూ కలిసొచ్చేట్టు ఒక ముద్ద తీస్తారు. పక్కన చిన్న గిన్నెలో గుండ్రటి ఉప్పు బిస్కట్లు పెడతారు చూడు, ఆయిస్టర్ క్రాకర్లు, వాటి మీద రెండు చుక్కలు హాట్ సాసు వేసుకుని మధ్యమధ్యలో నములుతారు. కారం కావాలంటే అక్కడుంది కారం. నువ్వేమో రుచి చూడకుండానే సీసా మొత్తం ప్లేటు మీద బోర్లించావు. ఆ తర్వాత ఏ ఊరి వంటైనా ఒక్కటే.

ఇక అడిగే విషయం. చిల్లీ అంటే గొడ్డుమాంసం, అది తెలుసుకుని వెళ్ళు. తిననివాళ్ళకి స్కైలైన్‌లో నల్ల బీన్సూ అన్నంతో చేసింది ఉంటుంది, దాన్నే త్రీ వేలో వేయించుకోవచ్చు. పొద్దున టిఫిను హోటళ్ళలో గుడ్ల పక్కన గోధుమరంగులో పెనం మీద కాల్చిన ముక్క పెడతారు, దాన్ని గెట్టా అంటారు. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు మాంసం కొద్దిగానే ఉంటే దాన్ని ఓట్సుతో పొడిగించుకోవడానికి చేసుకున్నది. పైన కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. ఓట్సు కదా అని ఉప్మా లెక్కన తినేస్తారు మన పిల్లలు కొందరు, అందులో పందిమాంసమూ గొడ్డుమాంసమూ ఉంటాయి. తింటావా లేదా అన్నది నీ ఇష్టం, నీ ఇంటి ఆచారం. తెలిసి తిను, తెలిసి మానెయ్, అంతే. తిన్నాక తెలిసి వారం రోజులు మనసు పాడుచేసుకుని, ఆ హోటలువాణ్ణి తిట్టుకుంటే లాభమేముంది? వాడు దాచలేదు, నువ్వు అడగలేదు.

అడగడానికి మొహమాటపడకు. కూరగాయల సూపు అని రాసి ఉన్నా కోడి నీళ్ళతో కాచి ఉండొచ్చు. బీన్సులో పంది కొవ్వు పడి ఉండొచ్చు. పై అనే వంటకం పిండిలోనూ ఆ కొవ్వే కలిపే చోట్లున్నాయి. బంగాళాదుంప వేపుడు చేపా కోడీ వేయించిన నూనెలోనే తీసి ఉండొచ్చు. ఇవన్నీ మెనూలో రాయరు. అయితే అడగడానికీ ఒక వేళుంటుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకి, గుమ్మందాకా జనం నిలబడి ఉన్నప్పుడు, చేతిలో నాలుగు ప్లేట్లతో పరిగెడుతున్న మనిషిని ఆపి పది ప్రశ్నలు వేస్తే ఆమె మాత్రం ఏం చెబుతుంది? "ఉండదనుకుంటా" అని వెళ్ళిపోతుంది. అదే రెండున్నరకి వెళ్ళు. హోటలు ఖాళీగా ఉంటుంది. కౌంటరు దగ్గర స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా అడిగితే, ఆమె లోపలికెళ్ళి వంటవాణ్ణి అడిగి వస్తుంది. ఒక్కోసారి వంటవాడే చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి చెబుతాడు. ఆ ఒక్కరోజు అడిగిందానితో నీకు ఏడాదంతా సరిపోతుంది, నువ్వు మళ్ళీ మళ్ళీ అక్కడికే వెళ్ళేవాడివైతే. వారానికో హోటలు మార్చేవాడివి వారం వారం కొత్తగా అడగాల్సిందే.

మళ్ళీ వెళ్ళడంలో ఇంకో సుఖం కూడా ఉంది. ఆ సర్వరమ్మ నీ మొహం గుర్తుపడుతుంది. ఐసు లేకుండా మంచినీళ్ళు అడిగేవాడని గుర్తుపెట్టుకుని, నువ్వు కూర్చోగానే ఆ గ్లాసు తెచ్చి పెడుతుంది. "ఇవాళ ఆ సూపు వద్దులే హనీ, పొద్దుటిది" అని మెల్లిగా చెబుతుంది. నీకు జలుబు చేస్తే అడుగుతుంది, పరీక్షలు ఎట్లా రాశావని అడుగుతుంది. ఇంటికి ఎనిమిదివేల మైళ్ళ దూరంలో, జనవరి మంచులో, "తిన్నావా" అని అడిగే మనిషి ఇంకొకరు దొరకడం తక్కువ సంగతి కాదు. ఫోన్లో చుక్కలు చూసి వెళ్ళే చోట ఇది దొరకదు. వెళ్ళిన చోటికే వెళితే దొరుకుతుంది.

ఆమె సంగతి వచ్చింది కనక టిప్పు గురించి కూడా చెప్పేస్తాను, విను. ఒహాయోలో 2025లో మామూలు కనీస వేతనం గంటకి 10 డాలర్ల 70 సెంట్లు. టిప్పులొచ్చే పనివాళ్ళకి యజమాని ఇవ్వాల్సింది అందులో సగమే, 5 డాలర్ల 35 సెంట్లు. మిగతా సగం నీ జేబులోంచి వస్తుందన్న లెక్క మీదే ఆ జీతం కట్టారు. ఆ పద్ధతి మంచిదా కాదా అని నువ్వు వాదించొచ్చు, నాకూ అది నచ్చదు. కానీ ఆ వాదన ఆమె మీద చూపించకు. కూర్చుని వడ్డన చేయించుకుని తిన్నప్పుడు 15 నుంచి 20 శాతం ఇచ్చి లేవాలి. ఇవ్వలేని రోజున కౌంటరు దగ్గర కట్టించుకుని ఇంటికి తెచ్చుకో, తప్పేం లేదు.

ఇంకోటి, చిన్న విషయమే గాని చెప్పకుండా ఉండలేను. ఇక్కడ హోటల్లో కూర్చుని తింటే అమ్మకం పన్ను ఉంటుంది, పొట్లం కట్టించుకుని బయటికి తీసుకెళ్ళే తిండి మీద ఉండదు. కౌంటరులో "ఇక్కడికా, ఇంటికా" అని అడుగుతారే, పన్ను లెక్క దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. మన పిల్లలు కొందరు "ఇంటికి" అని చెప్పి, డబ్బాలు పట్టుకుని అక్కడే బల్ల దగ్గర కూర్చుంటారు. అర డాలరు మిగులుతుంది. ఆ కౌంటరులో ఉన్న కుర్రాడు చూసి ఊరుకుంటాడు, మొహం మీద ఏమీ అనడు. తర్వాత వచ్చిన మనవాడి వైపు చూసే చూపు మాత్రం మారుతుంది. నువ్వట్లా చెయ్యవని నాకు తెలుసు. నీ స్నేహితులు చేస్తే ఆపమని చెబుతున్నాను.

ఎనిమిదిమంది కలిసి వెళ్ళడం కూడా కాస్త తగ్గించు. చిన్న హోటలు, పది బల్లలు, ఇద్దరు సర్వర్లు. మీరు మూడు బల్లలు కలిపేసి, ఒకరి ప్లేట్లోంచి ఒకరు తింటూ, చివర్లో ఎనిమిది కార్డులు తీసి "ఎవరి బిల్లు వాళ్ళకే" అంటారు. ఎవరేం తిన్నారో మీకే తెలియదు, ఆవిడకేం తెలుస్తుంది? ఒకరు కట్టి మిగతావాళ్ళు ఫోన్లో పంపించుకోండి. మూసేవేళకి ఇరవై నిమిషాల ముందు గుంపుగా దిగకండి. అప్పటికి పొయ్యి కడిగేసి ఉంటారు, పిల్లల్ని నిద్రపుచ్చడానికి ఇంటికి వెళ్ళాల్సినవాళ్ళుంటారు. మీ నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడిచే వేళకి ఎనిమిదిమంది ఫైళ్ళు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడితే మీ అమ్మ ఏమంటుందో ఊహించుకో.

చుక్కలు వేసేముందు కూడా ఒక్క క్షణం ఆగు. పెద్ద కంపెనీ హోటలుకి నీ రెండు చుక్కలు దోమకాటు కూడా కాదు. ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే చోట, ఆ రాత్రి దుకాణం కట్టేసి ఇంటికెళ్ళాక భార్యాభర్తలు కూర్చుని ఒక్కొక్కటీ చదువుకుంటారు. తిండిలో తేడా ఉంటే అక్కడే చెప్పు, మారుస్తారు. మార్చకపోతే, రెండోసారీ అంతే అయితే, అప్పుడు రాయి. ఒక్కపూట చూసి రాయకు. ఆ రోజు వంటవాడు సెలవు పెట్టి ఉండొచ్చు, నీకే ఆకలి లేకపోయి ఉండొచ్చు. ఎంత పెద్ద పేరున్న హోటలైనా జనం రాకపోతే నిలవదు. ఈ ఊళ్ళో తరతరాలుగా అందరూ బిగ్ బాయ్ శాండ్‌విచ్చి తిన్న ఫ్రిష్స్ హోటళ్ళు చాలా 2024 చివర్లో ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. మూతపడ్డాక అయ్యో అన్నవాళ్ళలో సగంమంది అక్కడ తిని ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు.

మన హోటళ్ళ దగ్గరకొచ్చేసరికి మాత్రం నీకు అసలు జాలి ఉండదు నాయనా. చిల్లీ పార్లరులో కారం లేకపోతే నవ్వి ఊరుకుంటావు, మనవాడి హోటల్లో పప్పులో ఉప్పు తగ్గితే గుంటూరుదాకా వినిపించేట్టు రాస్తావు. గోంగూర ఏ ఫ్రీజరులోంచో గడ్డకట్టి వస్తుంది. దోసె పోయడం చేతనైన మనిషి దొరకడం గగనం. దొరికినా ఆర్నెల్లకి ఇంకో ఊరివాళ్ళు రెండువందలు ఎక్కువిచ్చి ఎత్తుకుపోతారు. అయినా ఆ ఇంటావిడ నిలబడి పులిహోర కలుపుతోంది. మీ అమ్మమ్మ చేతి రుచి ఆవిడ ఇవ్వలేదు, ఇస్తానని బోర్డు మీద రాయనూ లేదు. పరాయివాళ్ళకి చూపించే మర్యాదలో సగం మనవాళ్ళకి చూపించు చాలు.

ఇప్పుడు నీకు ఒక మంచి చోటు చెబుతాను. నువ్వెప్పుడూ వెళ్ళి ఉండవు, ఎందుకంటే అది నీ ఫోన్లో హోటళ్ళ వరసలో ఉండదు. ఈస్టరుకి ముందు నలభై రోజులూ క్యాథలిక్కులు శుక్రవారాలు మాంసం ముట్టరు. ఈ ఊళ్ళో, ముఖ్యంగా పడమటివైపు, వాళ్ళు చాలా ఎక్కువ. ఆ శుక్రవారం సాయంత్రాల్లో చర్చి పక్కన స్కూలు హాల్లో చేప వేయించి పెడతారు. ఫిష్ ఫ్రై అంటారు. బయట చలిలో బారు నిలబడి ఉంటుంది. లోపల పొడుగాటి మడత బల్లలు, కాగితం ప్లేట్లు. నూనె మూకుళ్ళ దగ్గర పిల్లల తండ్రులు ఏప్రన్లు కట్టుకుని చెమటలు కక్కుతూ ఉంటారు. ట్రేలు మోసేది ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు. కాడ్ చేప ముక్క రొట్టెలో పట్టకుండా రెండువైపులా బయటికి పొడుచుకొస్తుంది. పక్కన మాకరోనీ చీజు, క్యాబేజీ సలాడు. చేప తిననివాళ్ళకి చీజు పిజ్జా కూడా చాలాచోట్ల పెడతారు. మూలన ఇంకో బల్ల మీద ముసలమ్మలు ఇంట్లో చేసి తెచ్చిన కేకులు అమ్ముతుంటారు. వచ్చిన డబ్బు స్కూలుకో చర్చి పనులకో పోతుంది. నువ్వు ఏ మతంవాడివని ఎవరూ అడగరు. కూర్చోవడానికి చోటు లేకపోతే ఎవరో ఒక తాతగారు తన కోటు తీసేసి పక్కన కూర్చోమంటారు. ఇంకేముంది, గంటసేపు ఊరి చరిత్రంతా చెబుతారు.

మెక్‌డొనాల్డ్స్‌లో అమ్మే ఫిలే ఓ ఫిష్ ఉంది చూడు, అది పుట్టింది కూడా ఈ శుక్రవారం లెక్క వల్లే, ఈ ఊళ్ళోనే. మాన్‌ఫోర్ట్ హైట్స్‌లో లూ గ్రోన్ అనే ఆయనకి ఆ కంపెనీ హోటలొకటి ఉండేది. శుక్రవారం వస్తే గల్లా ఖాళీ. చుట్టుపక్కల అందరూ క్యాథలిక్కులే మరి. 1962లో చేపతో శాండ్‌విచ్చి చేసి అమ్ముతానన్నాడు. కంపెనీ పెద్ద రే క్రాక్‌కి అది ఇష్టం లేదు, ఆయన అనాసపండు ముక్క పెట్టి వేరే ఒకటి కనిపెట్టాడు. రెండూ ఒకే శుక్రవారం అమ్మి చూద్దామనుకున్నారు. చేపే గెలిచింది, 1965కల్లా దేశమంతా వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏ రోజు ఏం తింటారో, ఏం తినరో పట్టించుకున్నవాడు కనక లూ గ్రోన్ హోటలు నిలబెట్టుకున్నాడు.

డబ్బు సంగతి నీకు నచ్చదని తెలుసు, అయినా చెబుతాను. వారానికి రెండుసార్లు బయట తింటే, పూటకి 20 డాలర్లు వేసుకో, నెలకి 160. పన్నూ టిప్పూ కలిపితే 200 దగ్గరకొస్తుంది. అక్కడ మీ నాన్నగారు నీ చదువు లోనుకి నెల నెలా వడ్డీ కడుతూ, మీ అమ్మ మోకాలి స్కానింగు "వచ్చే నెల చూద్దాంలే" అంటున్నారు. నీతో అనరు. నువ్వు ఫొటోలు పంపితే "బాగుంది నాన్నా, బాగా తిను" అనే అంటారు. పూర్తిగా మానేయమనడం లేదు. రెండుసార్లు వెళ్ళేచోట ఒకసారి వెళ్ళు, ఆ ఒక్కసారీ నిమ్మళంగా తిను. ప్లేట్లు పెద్దవి కదా, ఇద్దరు ఒకటి చెప్పుకోండి, లేదా చిన్న సైజు ఉందా అని అడగండి. మిగిలింది డబ్బాలో పెట్టించుకుని తెస్తే సరిపోదు, మర్నాడు తినాలి. నీ ఫ్రిజ్ తలుపు తీసి చూశాను మొన్న. వెనక వరసలో ఉన్న ఆ తెల్ల డబ్బాలు ఏ కాలం నాటివో ఎవరికి తెలుసు!

ఒంటి సంగతీ అంతే. మనవాళ్ళకి షుగరూ గుండెజబ్బూ మిగతావాళ్ళకంటే చిన్న వయసులోనే పట్టుకుంటాయి, ఏ డాక్టర్ని అడిగినా చెబుతాడు. రీఫిల్లు ఊరికే ఇస్తారు కదా అని మూడు గ్లాసుల కోకు తాగడమెందుకు? ఊరికే వచ్చేది మంచినీళ్ళు కూడా. ఇక పాత జర్మనుల పేట ఓవర్ ద రైన్‌లో బీరు కాచే చోట్లు బోలెడున్నాయి, మీరు వెళుతున్నారనీ తెలుసు. పెద్దవాడివయ్యావు, నీ ఇష్టం. కానీ తాగినవాడు కారు తాళం ముట్టుకోకూడదు. ఒక్క గ్లాసే కదా అనకూడదు. పోలీసు పట్టుకుంటే జరిమానాతో పోదు, వీసా రద్దయినవాళ్ళున్నారు. ఇరవై డాలర్లిచ్చి టాక్సీలో వెళ్ళు. దీని మీద నేను ఇంకేమీ మాట్లాడను.

మే నెలలో నీ కాన్వొకేషనుకి అమ్మానాన్నా వస్తున్నారట కదా. ఇప్పటినుంచే వాళ్ళని తిప్పాల్సిన హోటళ్ళ చిట్టా రాసుకుంటున్నావని విన్నాను. ఆ చిట్టా చించెయ్. మీ నాన్నగారు ఇరవై గంటల ప్రయాణం చేసి వచ్చిన రాత్రే చిల్లీ పార్లరుకి తీసుకెళ్ళకు. ఆ పూట ఇంట్లో చారూ అన్నం పెట్టు. రెండోరోజు గ్రేటర్స్ ఐస్‌క్రీమ్ దగ్గరికి తీసుకెళ్ళు. 1870 నుంచి ఉన్న దుకాణమది. ఇప్పటికీ చిన్న గుండిగల్లో కొంచెం కొంచెంగా తిప్పుతూ చేస్తారు, అందుకే అంత చిక్కగా ఉంటుంది. నల్ల రాస్ప్‌బెరీలో చాక్లెట్ పెద్దపెద్ద పెచ్చులుగా తగులుతుంది. మీ అమ్మ గుడ్డు తినదు కనక ముందు అడుగు, నువ్వు అడగాలి, ఆవిడ మొహమాటపడి ఏదో ఒకటి తినేస్తుంది. మీ నాన్నగారికి షుగరు కనక ఆయన నీ కప్పులోంచి రెండు చెంచాలు తీసుకుంటారు, అంతకంటే ఇవ్వకు. మే చివర్లో మెమోరియల్ డే వారాంతానికి ఊరి నడిబొడ్డున టేస్ట్ ఆఫ్ సిన్సినాటి జరుగుతుంది. 1979 నుంచి జరుపుతున్నారు. రకరకాల హోటళ్ళవాళ్ళు వీధిలో డేరాలేసి కొంచెం కొంచెం పెడతారు. అన్నీ చూడాలన్న నీ ఆత్రం అక్కడ తీర్చుకో, ఎవరూ తప్పుబట్టరు. వాళ్ళకి నచ్చింది ఏదైనా ఉంటే ఆ హోటలు పేరు రాసుకుని, జూన్‌లో ఒకరోజు ఖాళీ వేళ చూసి అక్కడికే తీసుకెళ్ళు. అదీ నచ్చితే ఇంకోసారి తీసుకెళ్ళు. ఆర్నెల్లు ఉంటారు, తొందరేముంది?

అప్పటికి నీకు పరిచయమైన ఆ సర్వరమ్మ దగ్గరికి కూడా తీసుకెళ్ళు, పరిచయం చెయ్యి. మీ అమ్మకి ఇంగ్లీషు రాకపోతేనేం, ఇద్దరూ నీ గురించే మాట్లాడుకుంటారు.

అన్నట్టు, మీ అమ్మని ఫిండ్లే మార్కెట్టుకి తీసుకెళ్ళడం మర్చిపోకు. 1855 నుంచి నడుస్తోంది, కూరగాయలు చూస్తే ఆవిడ కాళ్ళ నొప్పుల సంగతే మర్చిపోతుంది. సోమవారం మాత్రం తెరవరు. శని, ఆదివారాల్లో వెళ్ళేటట్టయితే పొద్దున్నే బయల్దేరండి. పదకొండు దాటిందంటే పార్కింగు కోసం ఆ వీధులన్నీ చుట్టాలి, మీ నాన్నగారు వెనక సీట్లోంచి "నేను ముందే చెప్పాను" అంటూనే ఉంటారు.